పరీక్షలో నెగ్గిన కామెట్ గాల్లో ఎందుకు విచ్చుకుపోయింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల విమానం కామెట్ గాల్లోనే ముక్కలవడానికి చతురస్రపు కిటికీలే కారణమని క్లాసులో చెప్పారు, వీడియోల్లోనూ అదే విన్నారు. అదే నిజమైతే ప్రోటోటైప్‌ను, అంటే మొదట కట్టిన నమూనా విమానాన్ని, ఏళ్ల తరబడి పరీక్షించినప్పుడు ఆ లోపం ఎందుకు బయటపడలేదు? దాన్ని కట్టిన డి హావిలాండ్ కంపెనీ వాళ్లు అంత నిర్లక్ష్యం చేశారా?

నేను ముప్ఫై రెండేళ్లు విమానాల స్ట్రక్చర్స్ విభాగంలో పనిచేశాను. అంటే విమానం ఒంటి రేకు, దాని రివెట్లు, లోపలి ఫ్రేములు చూసే పని. కామెట్ నా కాలానికి ముందే వచ్చి వెళ్లిపోయింది. అయినా నేను చేతులతో చేసిన ప్రతి తనిఖీ వెనకా ఆ విమానమే ఉంది. కాబట్టి రెండు ముక్కల్లో చెప్పి వదిలేయలేను, కొంచెం ఓపిగ్గా చదవండి. ముందే ఒక మాట: నిర్లక్ష్యం కాదు. అప్పటి నియమాలు అడిగినదానికంటే వాళ్లు ఎక్కువే పరీక్షించారు. ఆ ఎక్కువ పరీక్షే వాళ్ల కళ్లు కప్పింది.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, యుద్ధం ముగిశాక బ్రిటన్ ఏ రకం పౌర విమానాలు కట్టాలో తేల్చడానికి లార్డ్ బ్రాబజాన్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ సూచించిన రకాల్లో నాలుగోది జెట్ ఇంజన్లతో అట్లాంటిక్ దాటే టపా విమానం. జెట్ ఇంజన్ అప్పటికి యుద్ధ విమానాల్లోనే పసిబిడ్డ. దాంతో ప్రయాణికులను మోయించవచ్చని గట్టిగా పట్టుబట్టింది కమిటీలో ఉన్న జెఫ్రీ డి హావిలాండ్, ఆ కంపెనీ స్థాపకుడు. డిజైన్ బాధ్యత రోనాల్డ్ బిషప్‌ది. యుద్ధంలో చెక్కతో మస్కిటో విమానాన్ని కట్టిన మనిషి ఆయనే. మొదట తోక లేని ఆకారాలు కూడా ఆలోచించారు. వాటి గుణం తెలుసుకోవడానికి కట్టిన డీహెచ్ 108 అనే చిన్న విమానం 1946 సెప్టెంబర్ 27న థేమ్స్ ముఖద్వారం మీద ముక్కలైంది. అందులో చనిపోయింది జెఫ్రీ డి హావిలాండ్ పెద్ద కొడుకే. కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఆ తర్వాత కూడా ఈ ప్రాజెక్టును ముందుకు నడిపించాడు. వీళ్లను నిర్లక్ష్యపు మనుషులని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉండేది అందుకే.

చివరికి తోక ఉన్న మామూలు ఆకారం, 20 డిగ్రీలు వెనక్కి వాలిన రెక్కలు, రెక్కల మొదట్లో దాచిన నాలుగు ఘోస్ట్ అనే జెట్ ఇంజన్లు ఖాయమయ్యాయి. ప్రోటోటైప్ ఎగరకముందే ఒక్కో భాగాన్ని విడిగా ఎగరేసి చూశారు. ఘోస్ట్ ఇంజన్‌ను వాంపైర్ యుద్ధ విమానంలో పెట్టి కంపెనీ టెస్ట్ పైలట్ జాన్ కన్నింగ్‌హామ్ 1948 మార్చిలో 59,446 అడుగుల ఎత్తుకు వెళ్లి ప్రపంచ రికార్డు పెట్టాడు. వానలో పైలట్‌కు అద్దాల్లోంచి దారి ఎలా కనబడుతుందో చూడటానికి హోర్సా అనే ఇంజన్ లేని గ్లైడర్‌కు కామెట్ ముక్కు అతికించి ఎగరేశారు. అసలు ప్రోటోటైప్ జి-ఏఎల్‌వీజీ 1949 జూలై 27న లండన్‌కు ఉత్తరాన ఉన్న హాట్‌ఫీల్డ్ నుంచి లేచి 31 నిమిషాలు ఎగిరింది. నడిపింది కన్నింగ్‌హామే. ఆ రోజు ఆయన పుట్టినరోజు, జెఫ్రీ డి హావిలాండ్ పుట్టినరోజు కూడా. మరో పద్నాలుగు రోజులకు కెనడాలో ఆవ్రో వాళ్ల జెట్‌లైనర్ ఎగిరింది. చరిత్రలో 'మొదటిది' అన్న పేరు అంత సన్నని తేడాతో దక్కింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు కీలకమైన లెక్క చూద్దాం. ఒక్కో ఘోస్ట్ ఇంజన్ థ్రస్ట్, అంటే ముందుకు తోసే బలం, 5,000 పౌండ్లు, నాలుగూ కలిపి 20,000. విమానం నిండా నింపితే బరువు సుమారు 47 టన్నులు. ఇవాళ మీరు శంషాబాద్‌లో ఎక్కే ఎ320కి ఉన్న రెండు ఇంజన్లలో ఒక్కటే ఆ నాలుగింటి కంటే ఎక్కువ థ్రస్ట్ ఇస్తుంది. ఇంత తక్కువ బలంతో అంత బరువు లేవాలంటే ప్రతి కిలో తగ్గించాల్సిందే. అందుకే ఒంటి రేకు పలచనైంది. చాలా చోట్ల అది 0.7 మిల్లీమీటర్ల అల్యూమినియం మిశ్రమం, కొన్ని చోట్ల 0.9. బరువు తగ్గించడానికి రెడక్స్ అనే జిగురును కూడా విరివిగా వాడారు.

ఇంకోవైపు నుంచి మరో ఒత్తిడి వచ్చింది. ఆ కాలపు జెట్ ఇంజన్ కింది గాల్లో ఎగిరితే కిరోసిన్ బిందెలతో తాగేస్తుంది. పొదుపుగా వెళ్లాలంటే 35,000 నుంచి 40,000 అడుగుల పైకి ఎక్కాలి. అక్కడ బయటి గాలితో మనిషి బతకలేడు. లోపల 8,000 అడుగుల ఎత్తులో ఉండేంత గాలిని నింపి ఉంచాలి. అంటే లోపలి ఒత్తిడి బయటికంటే చదరపు అంగుళానికి 8.25 పౌండ్లు ఎక్కువ. అప్పటి చాలా విమానాలు మోసేదానికి అది రెండింతలకు దగ్గర. ఈ సంఖ్య చిన్నదిగా కనబడుతుంది కదా, ఒక ఎ4 కాగితం తీసుకుని గోడకు ఆనించండి. అంత జాగా మీద 8.25 పౌండ్ల చొప్పున లెక్కేస్తే సుమారు 360 కిలోలు. విమానం పైకి ఎక్కిన ప్రతిసారీ, ఒంటి మీద ప్రతి ఎ4 కాగితమంత చోటులో, 360 కిలోలు లోపలి నుంచి బయటికి తోస్తాయి. దిగినప్పుడు వదిలేస్తాయి. మళ్లీ ఎక్కితే మళ్లీ తోస్తాయి. పలచని రేకు, రెండింతల ఒత్తిడి, ఈ రెండూ ఒకే విమానంలో కలిశాయి.

కట్టేవాళ్లకు ఈ ప్రమాదం తెలియదా? బాగా తెలుసు. మామూలుగా మోసే ఒత్తిడిని ఒక పాలు, అంటే ఒక వంతు, అనుకోండి. అప్పటి అంతర్జాతీయ నియమం ప్రకారం 1.33 పాళ్లు పెట్టినా ఒళ్లు చెడకూడదు, 2 పాళ్ల దాకా పగలకూడదు. డి హావిలాండ్ వాళ్లు దాంతో తృప్తిపడలేదు. 2 పాళ్లకు పరీక్షించి, 2.5 పాళ్లు తట్టుకునేలా డిజైన్ చేశారు. కిటికీ మూలల దగ్గర ఒత్తిడి ఎంత పోగవుతుందో స్లైడ్ రూల్ కాలంలో కాగితం మీద నమ్మకంగా తేల్చడం కష్టం. కాబట్టి లెక్క కంటే పరీక్షనే నమ్ముదామనుకున్నారు. ఒంటి ముందు భాగాన్ని పూర్తి సైజులో కట్టి, ముప్ఫై సార్ల దాకా 1 నుంచి 2 పాళ్ల మధ్య ఒత్తిడి పెట్టారు. 1 పాలుకు కొంచెం పైన మరో 2,000 సార్లు పెట్టారు. ఏమీ కాలేదు. తర్వాత 1953లో, లోహం అలసట మీద, అంటే పదేపదే లాగి వదిలితే లోహం పగలడం మీద, అందరికీ దిగులు పెరిగాక, అదే ముక్కను తీసుకుని మామూలు ఒత్తిడి ఎక్కించి దించడం మొదలుపెట్టారు. అది 16,000 సార్లు తట్టుకుని, అప్పుడు ఒక కిటికీ మూల దగ్గర పగిలింది. విమానం సేవలో ఉండే కాలానికి అది చాలా ఎక్కువని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇక్కడ 'అదే ముక్క' అన్న మాట గుర్తుపెట్టుకోండి.

విమానం 1952 మే 2న బ్రిటన్ విమాన సంస్థ బీఓఏసీ పేరుతో లండన్ నుంచి జోహాన్నెస్‌బర్గ్‌కు ప్రయాణికులతో బయల్దేరి, 24 గంటల్లోపే చేరింది. ముప్ఫై ఆరు సీట్లు. పిస్టన్ ఇంజన్ల మోత, వణుకు లేని ప్రయాణం జనానికి వింతగా తోచింది. లోకమంతా ఆర్డర్ల కోసం హాట్‌ఫీల్డ్ వైపు చూసింది.

మొదటి దెబ్బలు ఒంటికి కాదు, రెక్కకు తగిలాయి. 1952 అక్టోబర్ 26న రోమ్‌లో ఒక కామెట్ రన్‌వే చివరి దాకా పరిగెత్తినా లేవలేదు. 1953 మార్చి 3న కరాచీలో కెనడియన్ పసిఫిక్ వాళ్ల కొత్త విమానం కూడా అలాగే లేవలేక కూలి, అందులోని 11 మందీ పోయారు. పైలట్ ముక్కును కొంచెం ఎక్కువ పైకెత్తితే రెక్క లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, ఇవ్వడం మాని గాలిని అడ్డుకునే పలకలా మారిపోతోంది. కన్నింగ్‌హామ్ లాంటి చేయి తిరిగిన పైలట్లు ప్రోటోటైప్ నడిపినప్పుడు ఇది పెద్ద సమస్యగా కనబడలేదు. చీకట్లో, వేడి గాల్లో, అలవాటు లేని చేతుల్లో కనబడింది. రెక్క ముందంచు ఆకారం మార్చి సరిచేశారు. పరీక్ష ఎవరు చేస్తున్నారో, ఏ పరిస్థితుల్లో చేస్తున్నారో అదీ పరీక్షలో భాగమేనని నేను మా కుర్రాళ్లకు చెప్పేటప్పుడు ఈ కరాచీ సంగతే చెప్పేవాణ్ని.

సరిగ్గా సేవ మొదలైన ఏడాదికి, 1953 మే 2న, కలకత్తా డమ్‌డమ్ నుంచి ఢిల్లీకి లేచిన కామెట్ ఆరు నిమిషాలకే ఉరుముల గాలివానలో విరిగిపోయి జగల్‌గోరి దగ్గర పడింది. 43 మంది చనిపోయారు. విపరీతమైన గాలి కుదుపులకో, ఆ కుదుపుల్లో పైలట్ నియంత్రణలను అతిగా లాగడానికో ఒళ్లు విరిగిందని మన దేశంలో జరిగిన విచారణ తేల్చింది. చాలా వీడియోలు దీన్ని కూడా కిటికీల ఖాతాలో వేసేస్తాయి. అది సరికాదు.

1954 జనవరి 10. రోమ్ నుంచి లండన్‌కు లేచిన జి-ఏఎల్‌వైపీ అనే కామెట్ ఇటలీలోని ఎల్బా దీవి దగ్గర దాదాపు 27,000 అడుగుల ఎత్తులో ముక్కలై సముద్రంలో పడింది. 35 మంది. విమానాలన్నీ ఆపేశారు. ఇంజన్‌లో మంటలా, టర్బైన్ బ్లేడు విరిగిందా, గాలి కుదుపా అని అనుమానాల జాబితా వేసి, ఒక్కోదానికీ విమానంలో మార్పు చేశారు. ఒంటి అలసట మీద అంత అనుమానం రాలేదు, 16,000 అన్న అంకె ధైర్యం ఇచ్చింది. మార్చి 23న మళ్లీ ఎగరనిచ్చారు. పదహారు రోజులకు, ఏప్రిల్ 8న, రోమ్ నుంచి కైరో వెళ్తున్న జి-ఏఎల్‌వైవై నేపుల్స్ దగ్గర అలాగే పోయింది. మరో 21 మంది. నాలుగు రోజుల్లో కామెట్‌కు ఎగిరే యోగ్యత పత్రం రద్దయింది. నాకు ఈ మొత్తం కథలో మనసును మెలిపెట్టేది ఆ పదహారు రోజులే. ఎవరూ కావాలని చేసింది కాదు, ఎవరూ దాచింది కాదు. ఒక తప్పుడు అంకెను మంచి మనసుతో నమ్మారు, అంతే.

తర్వాత ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఆర్నాల్డ్ హాల్ నాయకత్వంలో జరిగిన పని విమాన ప్రమాదాల దర్యాప్తుకు పునాది వేసింది. సేవలో ఉన్న జి-ఏఎల్‌వైయూ అనే కామెట్‌ను తెచ్చి, దాని చుట్టూ పెద్ద ఇనుప తొట్టి కట్టి, రెక్కలు తొట్టి గోడల్లోంచి బయటికి వచ్చేలా సీలు వేసి, లోపలా బయటా నీళ్లు నింపారు. లోపలికి ఇంకొన్ని నీళ్లు పంపు చేసి ఒత్తిడి పెంచడం, వదలడం. రెక్కలను హైడ్రాలిక్ జాకీలతో ఊపడం. ఐదు నిమిషాల ఒక్కో విడత ఒక పూర్తి ప్రయాణంతో సమానం.

నీళ్లే ఎందుకంటారా? మన వంటగ్యాస్ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించేటప్పుడు కూడా నీళ్లతోనే ఒత్తిడి పెడతారు. గాలిని నొక్కితే అది స్ప్రింగులా బలం దాచుకుంటుంది. రేకు చిరిగిన క్షణంలో ఆ బలమంతా బాంబులా పేలి, పగులు ఎక్కడ మొదలైందో ఆనవాలు లేకుండా చేస్తుంది. నీళ్లు నొక్కుడుపడవు. రేకు కాస్త చిరగగానే ఒత్తిడి పడిపోతుంది, చిరుగు చిరిగిన చోటే ఆగిపోతుంది. మనం వెళ్లి చూడవచ్చు.

అలాగే చూశారు. జూన్ 24న తొట్టిలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయింది. నీళ్లు తోడేసి చూస్తే ఎడమ వైపు ముందుభాగంలో ఉన్న అత్యవసర ద్వారపు కిటికీ మూల నుంచి దాదాపు రెండున్నర మీటర్ల చీలిక. అప్పటికి ఆ విమానం అసలు ఎగిరిన ప్రయాణాలు 1,221, తొట్టిలో చేసినవి 1,836, మొత్తం 3,057. పరీక్ష ముక్క 16,000 తట్టుకుంది, అసలు విమానం అందులో ఐదో వంతు కూడా తట్టుకోలేదు. ఎల్బా దగ్గర పడినది 1,290 ప్రయాణాలకు, నేపుల్స్ దగ్గరిది 900కే పోయాయి.

ఈలోగా బ్రిటిష్ నౌకాదళం నీటి అడుగున కెమెరాలు దింపి ఎల్బా విమానం ముక్కల్లో దాదాపు 70 శాతం పైకి తీసింది. వాటిని ఫార్న్‌బరోలో చట్రం మీద విమానం ఆకారంలో పేర్చారు. ఎడమ రెక్క మీద, ఒంటి రేకు ఎగిరొచ్చి తగిలినప్పుడు అంటిన రంగు గీతలు కనబడ్డాయి. అంటే రెక్క విరగకముందే ఒళ్లు విచ్చుకుంది. పీసాలో శవపరీక్షలు చేసిన వైద్యుడు ఊపిరితిత్తులు లోపలి నుంచి చిట్లిన తీరు అప్పటికే రాసి ఉంచాడు. రెండూ ఒకే మాట చెప్పాయి. ఆగస్టులో దొరికిన పైకప్పు ముక్కలో అసలు మొదలు బయటపడింది. రేడియో దిక్సూచి యాంటెన్నా కోసం నడినెత్తిన వదిలిన కిటికీ మూలలో, ఒక చిన్న రంధ్రం అంచున పుట్టిన అలసట పగులు అది.

గమనించారా, అది ప్రయాణికులు బయటికి చూసే కిటికీ కానే కాదు. ఇంకోటి, కామెట్ కిటికీలు కచ్చితమైన చతురస్రాలూ కావు, మూలలు గుండ్రం తిప్పే ఉన్నాయి. చాలినంత తిప్పలేదు, చుట్టూ రేకు చాలినంత మందం లేదు. బట్టల కొట్లో తానులోంచి గుడ్డ చించేటప్పుడు చూడండి. కత్తెరతో అంచున ఒక్క గాటు పెట్టి రెండు వైపులా లాగుతారు, సర్రుమని చివరి దాకా పోతుంది. గాటు లేకుండా లాగితే అదే గుడ్డ చిరగదు. లాగే బలం గాటు మొనలో పోగవడమే కారణం. రేకులో ఏ రంధ్రమైనా అలాంటి గాటే. సాదా రేకులో ఎంత బలం పడుతుందో చేతిలెక్క వేయొచ్చు: ఒత్తిడిని ఒంటి వ్యాసార్ధంతో హెచ్చించి రేకు మందంతో భాగించాలి. 0.7 మిల్లీమీటర్ల రేకుకు అది లోహం తెగే బలంలో దాదాపు పావు వంతు వస్తుంది. ఏ ఇబ్బందీ లేదు. కిటికీ మూల దగ్గర అది సగానికి లోపే ఉంటుందని కంపెనీ అనుకుంది. ఫార్న్‌బరోలో కొలిస్తే దాదాపు 70 శాతం తేలింది. సెంట్రింగు పనివాళ్లు బైండింగ్ తీగను అటూ ఇటూ నాలుగుసార్లు వంచి తుంచేస్తారు కదా, ఒక్క లాగుతో తెగనిది వంపులతో తెగుతుంది. 70 శాతం బలంతో ప్రతి ప్రయాణమూ అలాంటి ఒక వంపే.

మరి పరీక్ష ముక్క ఎలా 16,000 తట్టుకుంది? మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే, వీడియోల్లో చెప్పనిదీ ఇదే.

మా ఊళ్లో ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా తొడగడం చిన్నప్పుడు కళ్లప్పగించి చూసేవాణ్ని. చక్రం కంటే కొద్దిగా చిన్నదిగా చేసిన పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉండగానే చక్రానికి తొడిగి, బకెట్లతో నీళ్లు గుమ్మరిస్తారు. పట్టా చల్లారి కుంచించుకుని కర్రను నలువైపులా బిగిస్తుంది. ఆ తర్వాత బండి ఎన్ని గతుకుల్లో పడినా చక్రం కీళ్లు ఊడవు. లోపలి కర్ర ఎప్పుడూ నొక్కుడులోనే ఉంటుంది. బయటి దెబ్బ ముందు ఆ నొక్కుడును తీర్చాలి, ఆ తర్వాతే కీలును విడదీయగలదు.

రెండు పాళ్ల ఒత్తిడి పెట్టినప్పుడు పరీక్ష ముక్కలో సరిగ్గా ఇదే జరిగింది. కిటికీ మూలలో బలం అప్పటికే పోగై ఉంది, దాన్ని రెండింతలు చేసేసరికి ఆ చిన్న చోట లోహం సాగిపోయి మళ్లీ వెనక్కి రాలేదు. చుట్టూ ఉన్న రేకు మాత్రం సాగలేదు. ఒత్తిడి వదలగానే అది రబ్బరులా తన చోటికి వచ్చి, మధ్యలో సాగి ఉన్న లోహాన్ని నలువైపుల నుంచీ నొక్కి పట్టుకుంది, చక్రానికి పట్టాలాగా. ఇక ఆ తర్వాత ఎన్ని వేల సార్లు మామూలు ఒత్తిడి పెట్టినా మూల దగ్గర పడే లాగుడు చాలా తగ్గిపోయింది. పగులు పుట్టడానికి ఎన్నో రెట్లు ఎక్కువ కాలం పట్టింది. ప్రయాణికులను మోసే విమానాలకు మాత్రం ఆ రెండు పాళ్ల ఒత్తిడి ఎప్పుడూ పెట్టలేదు. ఏ విమానాన్నీ అలా సాగదీసి అమ్మరు. అంటే బలం పరీక్షకు వాడిన ముక్కనే అలసట పరీక్షకు వాడటంతో, తెలియకుండానే మిగతా విమానాల కంటే గట్టిపడిన ముక్కను పరీక్షించారు. భద్రత కోసం నియమాన్ని మించి పెట్టిన ఒత్తిడే భద్రత గురించి అబద్ధం చెప్పింది.

ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటికి నాకు ఉద్యోగంలో ఆరేళ్లు. ఆ పగటిపూట ఒక పాత విమానం ఒంటి అతుకు దగ్గర, కంటికి కనబడని పగుళ్లను కరెంటుతో పసిగట్టే ఎడ్డీ కరెంట్ ప్రోబ్‌తో రివెట్టు వరసను చూస్తున్నాను. పెన్సిల్ అంత ప్రోబ్, పక్కన చిన్న తెర. మంచి రివెట్టు చుట్టూ తిప్పితే చుక్క తన చోట నిలకడగా ఉంటుంది. ఇరవయ్యో రివెట్టు మీద అది ఎగిరింది. మళ్లీ తిప్పాను, మళ్లీ ఎగిరింది. రివెట్టు తీసి, రంధ్రాన్ని శుభ్రం చేసి, పది రెట్ల భూతద్దంలో చూస్తే తల వెంట్రుక కంటే సన్నని గీత, రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. వేలితో తడిమితే ఏమీ తగలదు. ఆ విమానం కాగితాల్లో ఏ పొరపాటూ లేదు, అన్ని పరీక్షలూ గడువుకు ముందే జరిగాయి. ఆ గీతను చూస్తూ నిలబడితే ఎల్బా పైకప్పు ముక్క గుర్తొచ్చింది.

1954 అక్టోబర్‌లో లార్డ్ కోహెన్ ముందు విచారణ మొదలై, మరుసటి ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. కంపెనీ తన దగ్గరున్న పరీక్ష వివరాలన్నీ ఫార్న్‌బరో ముందు పెట్టింది. ఆ నిజాయితీ వల్లే అమెరికాలో బోయింగ్, డగ్లస్ వాళ్లతో సహా లోకమంతా నేర్చుకోగలిగింది. అలసట పరీక్షకు ఎప్పుడూ అధిక ఒత్తిడి చూడని వేరే పూర్తి విమానాన్ని వాడటం, ఒక్క నమూనా ఇచ్చిన అంకెను అలాగే నమ్మకుండా ఎన్నో రెట్లు తగ్గించి వాడటం అలవాటయ్యాయి. దాంతో పాటు ఇంకో ఆలోచన బలపడింది: పగులు రానే రాదని అనుకోవద్దు, వస్తే ఎక్కడ ఆగాలో ముందే కట్టిపెట్టు. బోయింగ్ వాళ్లు 707 కోసం, గాలి నింపిన ఒంటి ముక్కలోకి పెద్ద బ్లేడ్లు దింపి చీలిక ఎంత దూరం పోతుందో చూశారు. చీలికను అడ్డుకునే పట్టీలు రేకు లోపల వేశారు.

కామెట్ కూడా మందమైన రేకు, గుండ్రటి కిటికీలతో మళ్లీ పుట్టింది. 1958 అక్టోబర్ 4న కామెట్ 4 లండన్, న్యూయార్క్ మధ్య ప్రయాణికులతో అట్లాంటిక్ దాటింది. 707తో అమెరికా విమాన సంస్థ పానామ్ ఆ పని చేసింది ఇరవై రెండు రోజుల తర్వాతే. కానీ అప్పటికి మార్కెట్ చేజారింది. 707లో సీట్లు ఎక్కువ, వేగం ఎక్కువ. ఎయిరిండియా కూడా 1960లో 707తోనే జెట్ యుగంలోకి వచ్చింది.

అంతటితో అలసట సమస్య తీరిపోయిందనుకోకండి. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737కి 89,680 ప్రయాణాల తర్వాత ముందు భాగం పైకప్పు ఊడిపోయింది. ఒక ఎయిర్‌హోస్టెస్ గాల్లోకి కొట్టుకుపోయింది, మిగతా అందరితో పైలట్లు దిగగలిగారు. అక్కడ ఒక్క పెద్ద పగులు కాదు, పక్కపక్క రివెట్లన్నింటి దగ్గరా చిన్న చిన్న పగుళ్లు పుట్టి ఒకదానితో ఒకటి కలిశాయి. అడ్డుపట్టీలు ఆపగలిగేది ఒంటరి పగులును. నేను చేసిన అతుకుల తనిఖీ ఆ ప్రమాదం తర్వాత కట్టుదిట్టం చేసిందే.

ప్రోటోటైప్ ఇప్పుడు ఎక్కడుందని కూడా అడిగారు. జి-ఏఎల్‌వీజీ మిగల్లేదు. ఎగిరే పని అయిపోయాక నేల మీద బలం పరీక్షలకు వాడి విప్పేశారు. మీరు ఇంగ్లండ్‌లోనే చదువుతున్నానని రాశారు కాబట్టి ఒక సెలవు రోజు పెట్టుకోండి. కాస్‌ఫర్డ్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో పూర్తిగా మిగిలిన ఒకే ఒక్క కామెట్ 1 ఉంది. హాట్‌ఫీల్డ్‌కు దగ్గరలో లండన్ కోల్నీ డి హావిలాండ్ మ్యూజియంలో పాత కిటికీలతోనే ఉన్న ఒంటి భాగం ఉంది. ఆ కిటికీ మూలలు ఎంత గుండ్రంగా ఉన్నాయో మీ కళ్లతో చూసి మీ సార్‌కు చెప్పండి. లండన్ సైన్స్ మ్యూజియంలో ఎల్బా సముద్రంలోంచి తీసిన పైకప్పు ముక్క ఉంది. దాని దగ్గర కాసేపు ఆగండి. రెండు కిటికీ రంధ్రాలు, వాటి చుట్టూ చిన్న రంధ్రాల వరస కనబడతాయి. వెనక కిటికీ మూల నుంచి చీలిక ఎటు బయల్దేరిందో వెతకండి.